అణు వ్యర్థాల మీద ఆటలా? నేను ఆడాను, పనికొస్తాయి

"అణు వ్యర్థాలను ఎక్కడ దాచాలో జనంతో చర్చించడానికి యూరప్‌లో బోర్డు గేమ్‌లు ఆడిస్తున్నారట. ఇంత పెద్ద విషయానికి ఆటలేంటి?" అని అడిగారు కదా. నేను జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్‌లో చదువుకునే రోజుల్లో అలాంటి ఆట ఒకటి ఆడాను. పనికొస్తాయి, అందులో నాకు అనుమానం లేదు.

ఆ ఊరికి దగ్గర్లోనే ఆసె అనే పాత ఉప్పు గని ఉంది. 1967 నుంచి 1978 దాకా అందులో దాదాపు 1,26,000 డ్రమ్ముల అణు వ్యర్థాలు దింపారు. ఉప్పు పొరలోకి నీళ్ళు రావన్నారు. వచ్చాయి. రోజుకి దాదాపు 12 వేల లీటర్లు ఊరుతున్నాయి. అంటే మన వీధుల్లోకి వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు రెండున్నర. చివరికి ఆ డ్రమ్ములన్నీ మళ్ళీ బయటికి తీయాలని 2013లో చట్టం చేయాల్సొచ్చింది. అక్కడి జనం దగ్గరికి వెళ్ళి "నమ్మండి" అంటే ఎవరు నమ్ముతారు?

ఒక శనివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో ఒక్కో బల్లకి ఆరుగురిని కూర్చోబెట్టారు. బల్ల మీద నాలుగు దారులు గీసిన అట్ట: లోతుగా పూడ్చి మూసేయడం, పూడ్చినా తిరిగి తీసేలా ఉంచడం, నేల మీదే కాపలా పెట్టడం, కొత్త టెక్నాలజీ కోసం ఆగడం. ఒక్కో కార్డులో ఒక్కో ప్రశ్న. ఖర్చు ఎవరిది, మన మనవల మీద ఎంత భారం, ఇలాంటివి. ప్రతి దారి మీదా పచ్చ, పసుపు, ఎరుపు బిళ్ళల్లో ఒకటి పెట్టి, ఎందుకు పెట్టామో చెప్పాలి. గెలుపు, ఓటమి లేవు. సిటెక్స్ అనే యూరప్ ప్రాజెక్టులో తయారైన పెప్ అనే ఆట కూడా గెలవడానికి కాదు, మాట్లాడుకోవడానికే.

మా బల్ల దగ్గర ఒక జియాలజిస్టు ఉన్నారు. లోతుగా పూడ్చే దారి మీద టకటకా పచ్చ బిళ్ళలు పెట్టేస్తున్నారు. నా పక్కన డెబ్బై దాటిన ఒక పెద్దావిడ, ఆసె దగ్గరి పల్లె. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఖాళీ కార్డు ఒకటి తీసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, పెన్సిల్‌తో రాసి మధ్యలో పెట్టారు: "నీళ్ళు వస్తే, తప్పు జరిగిందని మొదట ఎవరికి చెబుతారు?" జియాలజిస్టు ఏదో చెప్పబోయి ఆగిపోయారు. కాసేపటికి తన పచ్చ బిళ్ళ తీసి పసుపుది పెట్టారు. ఎవరూ బలవంతం చేయలేదు. మైకు ముందు, కెమెరాల ముందు అయితే ఆయన ఆ పని చేసేవారే కాదు, ఒట్టు.

నాకు మా రాయలసీమ బోర్లు గుర్తొచ్చాయి. పక్కపక్క పొలాల్లో ఒకరికి నూట యాభై అడుగులకే నీళ్ళు, ఇంకొకరికి ఆరువందలు దింపినా దుమ్ము. వచ్చీరాని జర్మన్‌లో అదే చెప్పాను. అందరూ విన్నారు.

మన దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ ఎలా ఉంటుందో మా మేనమామగారి ఊళ్ళో చూశాను. షామియానా, స్టేజీ మీద అధికారులు, కింద ఎండలో జనం, చుట్టూ పోలీసులు. మామయ్యకి మైకు ఇచ్చిన రెండు నిమిషాలకే లాక్కున్నారు. రిపోర్టేమో వందల పేజీలు, ఊళ్ళో ఒక్కరికీ అర్థం కాని భాషలో. దాన్ని చర్చ అనడానికి నాకు నోరు రాదు.

అలాగని ఆట పేరు పెట్టిందల్లా మంచిది కాదు. ఫోన్లో క్విజ్ పెట్టి, సరైన జవాబుకి పాయింట్లు ఇచ్చే యాప్‌లంటే నాకు ఒళ్ళు మంట. సరైన జవాబేదో ముందే రాసిపెట్టుకుంటే ఇక జనాన్ని అడగడం ఎందుకు? ఖాళీ కార్డులు ఉండాలి, నిర్ణయం తీసుకునేవాళ్ళు కూడా అదే బల్ల దగ్గర కూర్చోవాలి. ఈ రెండూ లేకపోతే నేను వెళ్ళను, మిమ్మల్నీ వెళ్ళమనను.

జర్మనీ అణు వ్యర్థాలు పూడ్చడానికి 1977లో ఎంచుకున్న గోర్లెబెన్ అనే చోటును దశాబ్దాల గొడవ తర్వాత 2020లో పక్కన పెట్టి, దేశంలో 54 శాతం నేలను మళ్ళీ పరిశీలనలోకి తెచ్చింది. పది లక్షల ఏళ్ళు భద్రంగా ఉండే చోటు కావాలి వాళ్ళకి. ఆ మధ్య ఇంకో ఊళ్ళో అదే ఆటకి వెళ్ళాను. పెద్దావిడ పెన్సిల్‌తో రాసిన ప్రశ్న ఈసారి అచ్చేసిన కార్డుల్లో ఉంది.