గడువు దాటిన అప్పీలుకు దొంగ జ్వరం సాక్ష్యం వద్దు

“డిమాండ్ నోటీసు వచ్చి ఏడాది దాటింది. ఇప్పుడు ఆదాయపు పన్ను అప్పీలు వేస్తే తీసుకుంటారా? ఆలస్యానికి కారణం ఏమని రాయాలి?” అని అడిగారు.

తీసుకుంటారు. కమిషనర్ (అప్పీల్స్) దగ్గరికి వెళ్లడానికి గడువు 30 రోజులే. అయినా తగిన కారణం ఉందని నమ్మితే ఆ తర్వాత వచ్చిన అప్పీలునూ చేర్చుకునే అధికారం 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 249(3) సెక్షన్ ఆయనకు ఇచ్చింది. ఇన్ని రోజుల లోపే అన్న పైహద్దు అందులో లేదు. జీఎస్టీలో అయితే మూడు నెలల గడువు, దాని మీద ఒక్క నెల, అంతే. మీది ఆదాయపు పన్ను కాబట్టి రోజులు లెక్కపెట్టుకుని బెంబేలు పడకండి. అసలు చిక్కంతా మీ రెండో ప్రశ్నలో ఉంది.

మా పెదనాన్న గుంటూరు దగ్గర మిర్చి రైతు. యార్డులో సరుకు అమ్మిన డబ్బు ఇంట్లోనే పెట్టుకునే మనిషి. 2016లో పెద్ద నోట్లు రద్దు కాగానే అందరిలాగే తీసుకెళ్లి బ్యాంకులో వేశారు. నోటీసులకు జవాబు లేదని 2019 డిసెంబరులో పన్ను అధికారి అదే చట్టంలోని 144 సెక్షన్ కింద ఏకపక్షంగా ఆర్డరు రాసి, జమ మొత్తాన్నీ లెక్క తెలియని డబ్బుగా తేల్చారు. అలాంటి డబ్బు మీద సర్‌ఛార్జీ, సెస్సు కలిపితే నూటికి 77 రూపాయల పైనే పన్ను. వడ్డీ, జరిమానా వేరు. ఈ సంగతి ఆయనకు ఎప్పుడో బ్యాంకు ఖాతా ఆగిపోయాక తెలిసింది.

మేము వెళ్లేసరికి ఆడిటర్ ఆఫీసులో జూనియర్ కుర్రాడు అఫిడవిట్ సిద్ధం చేసి ఉంచాడు. అప్పీలుదారు నిరక్షరాస్యుడు, నడుము నొప్పితో చాలాకాలం మంచం పట్టాడు, అందువల్ల జాప్యం జరిగింది అని అందులో ఉంది. డాక్టరు సర్టిఫికెట్టు తర్వాత చూసుకుందాం అన్నాడు. పెదనాన్న కళ్లజోడు పెట్టుకుని కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివారు. “బాబూ, నాకు చదువు రాదని రాశావు. ఆ ముక్క నేనే చదివాను” అన్నారు.

కుర్రాడు నవ్వాడు. “అందరికీ ఇలాగే వేస్తామండీ. అక్కడ ఎవరూ ఇంత పట్టించుకోరు.”

“మంచం పట్టానంటావు. ఆ ఏడంతా చేలోనే ఉన్నాను. ప్రమాణం చేసి అబద్ధం చెప్పాక ఊళ్లో తలెత్తుకుని తిరగమంటావా?” అని సంతకం పెట్టకుండా లేచారు. ఆడిటర్ గారు లోపలి నుంచి వచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

నిజమైన కారణం ఈ నడుము నొప్పి కన్నా గట్టిది. ట్రాక్టరు లోను కోసం ఎప్పుడో రిటర్ను వేయించినప్పుడు, వేసిన మనిషి ఆదాయపు పన్ను పోర్టల్లో తన ఇమెయిలే ఇచ్చుకున్నాడు, ఫోను నంబరూ తనదే. తర్వాత దుకాణం మూసి వెళ్లిపోయాడు. నోటీసులన్నీ ఆ మెయిలుకే. మేము పోర్టల్లోని ఆ వివరాల ప్రింటు, ఖాతా ఆపినట్టు బ్యాంకు ఇచ్చిన లేఖ, ఆర్డరు దించుకున్న తేదీ జతచేసి, ఏ తేదీన ఏమి జరిగిందో వరుసగా రాశాం. కోవిడ్ కాలం ఆలస్యం లెక్కలోంచి పోతుంది కదా అని కొందరు ధైర్యం చెప్పారు. సుప్రీంకోర్టు మినహాయించింది 15.03.2020 నుంచి 28.02.2022 వరకు. మా గడువు 2020 జనవరిలోనే ముగిసింది కాబట్టి ఆ ముందు వారాల సంగతి విడిగా చెప్పుకోవాల్సిందే.

ఇలాంటి ప్రతి పిటిషన్లోనూ సుప్రీంకోర్టు 1987లో ఇచ్చిన కాతీజీ తీర్పు అతికిస్తారు. సాంకేతిక అభ్యంతరాల కన్నా న్యాయం ముఖ్యమన్న తీర్పే. కానీ అక్కడ ఆలస్యం చేసింది జమ్మూ కాశ్మీర్ సర్కారు, అదీ నాలుగు రోజులు! సర్కారు వారిని క్షమించిన తీర్పును మనం ఇన్నేళ్లుగా అరువు తెచ్చుకుంటున్నాం. నన్నడిగితే అదే కోర్టు 1998లో ఇచ్చిన బాలకృష్ణన్ తీర్పు మేలు. ఎన్ని రోజులన్నది కాదు, వివరణ నమ్మేలా ఉందా అన్నదే చూడాలని అందులో చెప్పారు. అక్కడ 883 రోజుల జాప్యం మరి.

మా జాప్యాన్ని మన్నించారు. 144 ఆర్డరును మళ్లీ అధికారి దగ్గరికి పంపే వీలు 2024 అక్టోబరు నుంచి కమిషనర్ (అప్పీల్స్)కు వచ్చింది కాబట్టి కేసు అక్కడికే వెళ్లింది. ఇప్పుడు యార్డు బిల్లులు, అడంగల్ పట్టుకుని మొదటి నుంచి చెప్పుకుంటున్నాం. ఆడిటర్లు తెచ్చిపెట్టే జబ్బులను అధికారులు వాసన చూసే పసిగడతారని నా గట్టి నమ్మకం. నడుము నొప్పితో వెళ్లి ఉంటే మా అప్పీలు గుమ్మంలోనే పడిపోయేది.

ఇంతకీ మీ పోర్టల్ ఖాతాలో ఎవరి ఇమెయిల్ ఉంది? ముందు అది చూడండి. మెయిలు పంపితే నోటీసు అందినట్టే అంటుంది చట్టం. పాన్ కార్డు మనది, పన్ను మనది, మెయిలు మాత్రం వీధి చివర రిటర్నులు వేసే ఆయనది! అప్పీలు వేసే ఫారం 35లో కూడా మీ మెయిలే రాయండి. దాఖలు రుసుము వెయ్యి రూపాయలు దాటదు, ఆడిటర్ ఫీజు చూసి ప్రభుత్వ రుసుమే అంత అనుకోకండి. అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. అధికారికి స్టే కోసం విడిగా అర్జీ పెట్టాలి, ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017 నాటి ఆదేశం ప్రకారం మామూలుగా డిమాండులో 20 శాతం కట్టమంటారు. ఆ డబ్బు ఇప్పటి నుంచే చూసుకోండి.