క్యాజువాలిటీలో చేరబోతున్న లావణ్యకు

కావలి

లావణ్యా,

ఒంగోలులో నర్సుగా నీకు క్యాజువాలిటీ (అత్యవసర విభాగం) డ్యూటీ వేశారని, టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. హైవే పక్క ఊరు, ఒకవైపు చీమకుర్తి క్వారీలు, ఇంకోవైపు పొగాకు, మిర్చి చేలు. యాక్సిడెంట్లు, పాము కాట్లు, పురుగుమందు కేసులు వస్తూనే ఉంటాయి. చాలావాటి వెనకాలే పోలీసు కాగితమూ వస్తుంది. మందుల సంగతి నీకు తెలుసు, అందుకే కాగితం సంగతి రాస్తున్నా.

‘ముందు డబ్బు కట్టండి’, ‘పోలీసులు రానీ’ అన్న మాటలు నీ నోట రాకూడదు. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటుదైనా ప్రాణం ముందు, లాంఛనాలు తర్వాత అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. గాయపడినవాణ్ణి తెచ్చిన ఆటో అతను పేరు చెప్పనంటే ఒత్తిడి చేయకు, అతనికి చట్టం రక్షణ ఉంది. అత్యాచార, యాసిడ్ బాధితులకు వెంటనే ఉచితంగా వైద్యం చేయకపోతే ఆసుపత్రి బాధ్యులకు ఏడాది దాకా జైలు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక దాడి అయితే పోలీసులకు చెప్పే బాధ్యత పోక్సో కింద నీది కూడా. డాక్టరుగారు చూసుకుంటారులే అనుకోకు.

నిన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పురుగుమందు కేసు. పిల్లను బల్ల మీద పడుకోబెట్టీ పెట్టకముందే మేనమామో బాబాయో వచ్చి, “సిస్టరమ్మా, పొరపాటున తాగిందని రాయమ్మా, పెళ్లి కావాల్సిన పిల్ల” అంటాడు. ఆయన్ని కసురుకోకు. కానీ నీ మాటగా అలా రాయకు. ‘రోగి మాట్లాడే స్థితిలో లేదు. మోనోక్రోటోఫాస్ డబ్బా వెంట తెచ్చారు. పొరపాటున తాగిందని మేనమామ చెప్పారు’ అని ఎవరి మాట వాళ్ల పేరనే రాయి. నిజమేంటో తేల్చేది నువ్వు కాదు. ఆయనకు ఒక్క సంగతి చెప్పు: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే చూడాలి, శిక్షించకూడదు. ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో అయితే, ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసే పాత 309 సెక్షనే లేదు. కేసు పెట్టి పిల్లను జైల్లో వేస్తారన్న భయం పోతే, అబద్ధం రాయమని బతిమాలడం చాలావరకు ఆగిపోతుంది.

ఒళ్లు కడిగేటప్పుడు గ్లౌజులు మర్చిపోకు, ఆ మందు నీ చర్మంలోంచీ ఎక్కుతుంది. తీసేసిన బట్టలు ఆయమ్మ చెత్తలో వేసేస్తుంది, చూసుకో. వాటినీ, కడుపు కడిగిన నీళ్ల శాంపిల్‌నూ డాక్టరు చెప్పినట్టు సీలు వేసి, రిజిస్టర్‌లో పోలీసు సంతకం పెట్టాకే ఇవ్వు.

విరుగుడు మందు అట్రోపిన్ ఎంత ఇచ్చావు, ఎన్నింటికి, అప్పుడు పల్స్ ఎంత, కనుపాపలు ఎలా ఉన్నాయి, ఇవన్నీ ఇచ్చిన వెంటనే కేస్ షీట్‌లో పడాలి. డాక్టరు పక్క బెడ్ దగ్గర నుంచి నోటితో ఆర్డరు చెప్తే, మళ్లీ చెప్పి, అవునన్నాకే ఇవ్వు, టైమ్ వేసి ఆ తర్వాత సంతకం చేయించు. డోసు తేడాగా అనిపిస్తే అడుగు. విసుక్కున్నా అడుగు. ‘డాక్టరు చెప్పారు, ఇచ్చాను’ అన్నది నిన్ను పూర్తిగా కాపాడదు. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ల దాకా శిక్ష. వైద్యం చేస్తుండగా జరిగితే రెండేళ్లకు మించదన్న వెసులుబాటు రిజిస్టర్డ్ డాక్టర్లకే, అందులో నర్సుల ఊసు లేదు. నా మటుకు ఇది అన్యాయమే, కానీ నీకు తెలిసి ఉండాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టు, వైట్‌నర్ జోలికి పోవద్దు.

స్పృహ లేనివాడికి వెంట ఎవరూ లేకపోతే సంతకం కోసం ఆగనక్కర్లేదు, ప్రాణం కాపాడే వైద్యానికి చట్టం అడ్డు రాదు. అరిచేవాళ్లున్న రోగి కన్నా, మూలన నోరెత్తకుండా చెమటలు పట్టి కూర్చున్నవాణ్ణి ముందు చూడాల్సి రావచ్చు. ఎమ్మెల్యే మనిషి ఫోన్ చేసినా అంతే.

గుంపు వస్తే సెక్షన్లు చదవకు. చేయి చేసుకుంటే 2008 నాటి మన రాష్ట్ర చట్టం కింద మూడేళ్ల దాకా జైలు ఉంది, కానీ అది తర్వాతి మాట. వాళ్లలో నిదానంగా ఉన్న పెద్దాయన్ని పక్కకు పిలిచి, కాసేపటికోసారి సంగతి చెప్తానని చెప్పు, చెప్పినట్టే వెళ్లి చెప్పు. ఫోన్‌తో వీడియో తీసేవాళ్లను మాత్రం కర్టెన్ దాటనివ్వకు.

నీ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ తేదీ ఒకసారి చూసుకో. సర్టిఫికెట్లన్నీ మీ అమ్మ బీరువాలో చీరల కింద పెట్టిందట.

మీ పెద్దమ్మ