పాపకు సీరియల్ ఛాన్స్ వచ్చింది, నేను ఉద్యోగం మానేయనా?

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి. ఒక సీరియల్ ఆడిషన్‌లో సెలెక్ట్ అయ్యింది. నేను ఇక్కడి ప్రైవేటు ఉద్యోగం మానేసి, కుటుంబమంతా హైదరాబాద్ మారిపోదామనుకుంటున్నాం. మా బావమరిది మాత్రం, 'చిన్నప్పుడు స్టార్లయినవాళ్ళు పెద్దయ్యాక పాడైపోతారు, పాత హాలీవుడ్ చరిత్ర చూడు' అంటున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది సార్. – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ బావమరిది చెప్పింది సగం నిజం. బాబీ డ్రిస్కాల్ అనే అబ్బాయి 1950లో బాలనటుడిగా ఆస్కార్ అందుకున్నాడు. డిస్నీ కార్టూన్ సినిమాలో పీటర్ పాన్‌కు గొంతు ఇచ్చింది అతనే. టీనేజీలో ముఖమంతా మొటిమలు వచ్చాయి. 1953లో స్టూడియో కాంట్రాక్ట్ తెంచేసింది. మామూలు స్కూల్లో వేస్తే తోటిపిల్లలు ఏడిపించారు. ఆ తర్వాత డ్రగ్స్. 1968లో న్యూయార్క్‌లో ఓ పాడుబడ్డ భవనంలో శవమై దొరికాడు. అప్పటికి 31 ఏళ్ళు. ఎవరో తెలియక అనాథ శవమని పూడ్చేశారు.

మిగతా సగం షిర్లీ టెంపుల్. 1935 నుంచి 1938 దాకా అమెరికా బాక్సాఫీసులో ఆ పిల్లే నంబర్ వన్. సినిమాలు ఆడటం తగ్గగానే, 1940లో, తల్లిదండ్రులు స్టూడియో ఒప్పందం నుంచి బయటికి తెచ్చి ఆడపిల్లల స్కూల్లో చేర్చారు. సినిమాలు వదిలేసేనాటికి ఆమెకు స్నేహితులున్నారు, చదువుంది. తర్వాత ఘనాలో, చెకోస్లొవేకియాలో అమెరికా రాయబారిగా పనిచేసింది. జాకీ కూపర్ తొమ్మిదేళ్ళకే ఉత్తమ నటుడిగా ఆస్కార్‌కు నామినేట్ అయ్యాడు. పెద్దయ్యాక టీవీ దర్శకుడై ఎమ్మీ అవార్డులు గెలిచాడు. ముద్దుముఖం పోవడం అందరికీ తప్పలేదు. ఆ రోజుకు చేతిలో ఇంకేముందన్నదే తేడా అని నా అభిప్రాయం.

డబ్బు దగ్గర మాత్రం షిర్లీ కూడా నష్టపోయింది. 32 లక్షల డాలర్ల సంపాదనలో ఆమెకు మిగిలింది 44 వేలు. చాప్లిన్ పక్కన నటించిన జాకీ కూగన్‌ది ఇంకా ఘోరం. పిల్లల సంపాదన తల్లిదండ్రులదేనని అప్పటి చట్టం. 1938లో తల్లి మీద, మారుతండ్రి మీద కోర్టుకెక్కితే లక్షల డాలర్లలో దక్కింది 1,26,000. ఆ గొడవ వల్లే 1939లో కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది. ఇప్పుడక్కడ పిల్లల సంపాదనలో 15 శాతం ట్రస్టులో వేయాలి.

మన దగ్గర 2017 బాలకార్మిక నిబంధనల ప్రకారం 20 శాతం. జాతీయం చేసిన బ్యాంకులో పాప పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. రోజుకు ఐదు గంటలకు మించి షూటింగ్ ఉండకూడదు, మూడు గంటలకోసారి విశ్రాంతి ఇవ్వాలి, వరుసగా 27 రోజులు దాటకూడదు. బడి పాఠాలు ఆగకూడదు. మిగతా 80 శాతం సంగతి మీ ఇంట్లో తేలాలి, నన్నడిగితే అదీ పాపదే.

ఇక మీ ఉద్యోగం. దయచేసి మానకండి. 1920లలో బేబీ పెగ్గీ అనే పాప సంపాదన మీదే ఇల్లంతా నడిచేది. నిర్మాతతో తండ్రి గొడవపడ్డాక సినిమాలు ఆగిపోయాయి. డబ్బు కరిగిపోయి, చివరికి ఆ పిల్ల ఎక్స్‌ట్రాగా గుంపులో నిలబడింది. (పెద్దయ్యాక రచయిత్రిగా నిలదొక్కుకుని 101 ఏళ్ళు బతికింది, అది వేరే సంగతి.) అద్దె, ఈఎంఐ పాప చెక్కు మీద ఆధారపడితే, "నాన్నా, నాకు వద్దు, ఇంటికెళ్దాం" అన్నరోజు మీరు ఏం చెప్తారు? సెలవుల్లో వాళ్ళమ్మ తోడు వెళ్ళి, ఒక షెడ్యూల్ చేసి చూడండి. బడి మాత్రం మార్చకండి.

అగ్రిమెంట్‌కు ముందు, షూటింగ్ జరిగే జిల్లా కలెక్టర్ అనుమతి కాపీ అడగండి. అది తేవాల్సింది నిర్మాతే. "అవన్నీ మేం చూసుకుంటాం సార్" అని దాటవేస్తే సంతకం పెట్టకండి.