టెక్ సందేహాలు: పాత ఐ7 మంచిదా, పాత ఐ5 మంచిదా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈలో చేరింది. సికింద్రాబాద్‌లో ఒక షాపులో రెండు రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్‌లు చూశాం. ఐ7-7600యూ ఉన్నది 18 వేలు, ఐ5-8350యూ ఉన్నది 19,500. రెండింట్లోనూ 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఐ7 తక్కువకే వస్తోంది, పైగా 2.8 గిగాహెర్ట్జ్. ఐ5 మాత్రం 1.7 గిగాహెర్ట్జే. విండోస్, ఆఫీస్ అన్నీ వేసి ఇస్తామంటున్నారు. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఐ5-8350యూ తీసుకోండి. ఆ పదిహేను వందల దగ్గర వెనకాడొద్దు.

కాలేజీలు తెరిచే రోజులొస్తే చాలు, ఈ ప్రశ్న మోడల్ నంబర్లు మార్చుకుని వస్తూనే ఉంటుంది. అందరూ ఐ5, ఐ7 అన్న మాట దగ్గరే ఆగిపోతారు. దాని పక్కనున్న నాలుగంకెల సంఖ్యను ఎవరూ చూడరు. అసలు సంగతి ఉన్నది అందులోనే, మొదటి అంకె ప్రాసెసర్ ఏ తరానిదో చెబుతుంది: 7600 ఏడో తరం, 8350 ఎనిమిదో తరం.

రెండూ 2017లో వచ్చిన ప్రాసెసర్లే. ఐ7-7600యూలో రెండు కోర్లు (లెక్కలు చేసే విభాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), 4 ఎంబీ క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న మెమరీ). ఐ5-8350యూలో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 6 ఎంబీ క్యాష్. ఏడో తరం వరకూ సన్నటి ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన 'యూ' రకంలో ఐ7 అని రాసి ఉన్నా లోపల రెండు కోర్లే. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఎనిమిదో తరం వచ్చాకే అదే 15 వాట్ల కరెంటు ఖర్చులో నాలుగు కోర్లు సర్దారు. కోర్ డిజైన్ మాత్రం పాతదే, కేబీ లేక్. అందుకే ఒక్క కోర్‌తో సరిపోయే పనుల్లో, అంటే వర్డ్ ఫైలు తెరవడం, ఒక వెబ్ పేజీ లోడ్ కావడం లాంటివాటిలో, రెండింటికీ తేడా తెలియదు. టర్బోలో, అంటే కాసేపు అందుకునే గరిష్ఠ వేగంలో, 3.9 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే ఐ7 వీసమెత్తు ముందుంటుంది కూడా. ఐ5 టర్బో 3.6 మాత్రమే. కానీ పెద్ద ప్రాజెక్టు కంపైల్ చేసినా, ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ నడిపినా, వర్చువల్ మెషీన్‌లో లినక్స్ వేసుకున్నా ఐ7 చేతులెత్తేస్తుంది. ఈ పనుల్లో ఐ5 దాదాపు ఒకటిన్నర రెట్లు వేగం. సీఎస్‌ఈ అమ్మాయికి రెండో ఏడాది నుంచీ రోజూ ఉండే పని ఇదే.

ఇక 1.7, 2.8 సంగతి. అన్ని కోర్ల మీదా పూర్తి భారం పడినప్పుడు, 15 వాట్లు దాటకుండా నిలబడగలిగే వేగం అది. నాలుగు కోర్లు పంచుకోవాలి కాబట్టి ఐ5కి తక్కువ అంకె రాశారు. మామూలు వాడకంలో అది కూడా 3 గిగాహెర్ట్జ్ పైనే తిరుగుతుంది. ఈ అంకెను గోడకు అంటించి అమ్మేవాళ్లకు తేడా తెలియక కాదు.

ఐ5తో ఒక చిక్కుంది, వేడి. బాడీ సన్నం, ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్ అనే లోహపు రెక్కలకు చేరవేసే థర్మల్ పేస్ట్ వయసు ఏడెనిమిదేళ్లు. డబ్బులిచ్చే ముందు షాపులోనే ఉష్ణోగ్రత, వేగం చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో, ప్రాసెసర్ మీద పూర్తి భారం పెట్టే సినీబెంచ్ వేయించి పది నిమిషాలు నడిపించండి. రెండూ ఉచితమే. మొదటి అర నిమిషం టర్బోలో పరుగెత్తి తర్వాత తగ్గడం లోపం కాదు, పవర్ పరిమితి అలా పెట్టి ఉంటుంది. ఆపైన అన్ని కోర్లూ 2 గిగాహెర్ట్జ్ పైన నిలబడితే మంచి మెషీన్. ఉష్ణోగ్రత 95 డిగ్రీలు దాటి, వేగం 1.7 కన్నా కిందికి జారిందంటే పేస్ట్ ఎండిపోయి ఉండాలి, లేదా ఫ్యాన్ గాలి బయటికి పోయే చోట హీట్‌సింక్ పళ్ల మధ్య దుమ్ము పేరుకుని ఉండాలి. దుమ్ము దులిపించి, పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించి కొత్తది వేయించండి. అప్పుడు మళ్లీ ఇదే పరీక్ష పెట్టండి. షాపువాళ్లు విసుక్కుంటే పక్క షాపుకు వెళ్లండి.

ర్యామ్ ఒకే 8 జీబీ స్టిక్ అయితే, రెండో స్లాట్ ఖాళీగా ఉంటే, ఇంకో 8 వేయించండి. రెండు స్టిక్‌లూ కలిసి పనిచేసే డ్యూయల్ చానెల్ కుదిరితే లోపలి గ్రాఫిక్స్ కూడా పుంజుకుంటుంది. సన్నటి మోడళ్లు కొన్నింట్లో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, అలాంటిదైతే ముందే 16 ఉన్నది చూసుకోండి. ప్రాసెసర్ ఎలాగూ బోర్డుకు అతికించే ఉంటుంది, తర్వాత మార్పించుకుందాం అనుకోవడానికి లేదు.

విండోస్ 11 అధికారికంగా మద్దతిచ్చేది ఎనిమిదో తరం నుంచి. ఏడో తరంలో ఒకటి రెండు మినహాయింపులున్నాయి గానీ 7600యూ వాటిలో లేదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దొడ్డిదారిన 11 వేసి ఇచ్చేవాళ్లున్నారు. అలా వేసింది నడుస్తుంది కానీ, ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్ దానంతట అది రాదు, ప్రతిసారీ అదే దొడ్డిదారి పట్టాలి. కోర్ డిజైన్ ఒకటే అయిన రెండు చిప్‌లలో ఒకదాన్ని లోపలికి రానిచ్చి, రెండోదాన్ని గుమ్మంలోనే ఆపేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బాగా పనిచేస్తున్న మెషీన్లను ఒక జాబితాతో చెత్తగా మార్చడం ఇది.

మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది మాత్రం ప్రాసెసర్ కాదు, 'అన్నీ వేసి ఇస్తాం' అన్న మాట. చాలా షాపుల్లో ఒకే డిస్క్ ఇమేజ్‌ను వరసగా అన్ని మెషీన్లలోకీ కాపీ చేస్తారు. అందులో క్రాక్ (లైసెన్స్ లేని దొంగ) విండోస్, క్రాక్ ఆఫీస్, వాటిని బతికించే యాక్టివేటర్ ఉంటాయి. ఆ యాక్టివేటర్‌కు అడ్మినిస్ట్రేటర్ హక్కులు కావాలి, విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్ దాని జోలికి రాకూడదు. అందుకని డిఫెండర్‌లో ఒక ఫోల్డర్‌ను ముందే మినహాయింపులో పెట్టేస్తారు. ఆ ఫోల్డర్‌లోకి తర్వాత ఏం వచ్చినా అడిగే నాథుడు ఉండడు. బ్రౌజర్ కుకీలు ఎత్తుకుపోయే మాల్‌వేర్‌కు పాస్‌వర్డ్‌తో పని లేదు, ఓటీపీతో అసలే లేదు. మీ అమ్మాయి జీమెయిల్ అప్పటికే లాగిన్ అయి ఉంటుంది కదా, ఆ లాగిన్‌నే పట్టుకుపోతుంది.

విచిత్రం ఏమిటంటే, ఈ క్రాక్ అవసరమే లేదు. ఆఫీసుల నుంచి వచ్చే ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఒరిజినల్ విండోస్ ప్రో కీ బోర్డులోనే ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎల్‌ఎంజీఆర్ /డీఎల్‌ఐ అని ఇంగ్లిష్‌లో కొట్టి చూడండి. వివరాల్లో 'ఓఈఎం_డీఎం చానెల్' అని వస్తే ఆ బోర్డు కీ వాడుకలో ఉన్నట్టు. 'వాల్యూమ్_కేఎంఎస్‌క్లయింట్' అని వస్తే, షాపులో కొన్న మెషీన్‌లో అది దాదాపు ఖాయంగా క్రాకే.

ఏది వచ్చినా ఇంటికి తెచ్చిన రోజే తుడిచేయండి. నమ్మకమైన వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ 11 ఎక్కించండి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే (కొన్నింట్లో ఎఫ్9) బూట్ మెనూ వస్తుంది. ఇన్‌స్టాల్‌లో కీ అడిగితే 'నా దగ్గర ప్రోడక్ట్ కీ లేదు' అన్నది నొక్కండి. పార్టిషన్లు (డిస్క్‌లోని భాగాలు) కనిపించే చోట ఆ డిస్క్‌లో ఉన్నవన్నీ డిలీట్ చేయండి. సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేసి ఊరుకోవద్దు. నెట్ కలపగానే విండోస్ దానంతట అదే యాక్టివేట్ కావాలి. కాకపోతే బోర్డులో కీ లేదన్నమాట, షాపును ఒరిజినల్ లైసెన్స్ అడగండి.

సెటప్‌లో ఏదైనా కంపెనీ పేరు కనిపించి, ఆ ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అవమంటే మెషీన్ ఇంకా ఆ కంపెనీ ఖాతాలోనే ఉన్నట్టు. వెంటనే వాపసు ఇచ్చేయండి. బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) సెట్టింగ్స్ పాస్‌వర్డ్ అడిగినా అంతే. ఈ వాపసు షరతు బిల్లు మీద ముందే రాయించుకోవాలి.

ఆఫీస్ కోసం క్రాక్ వద్దు. కాలేజీ ఇచ్చే మెయిల్‌తో మైక్రోసాఫ్ట్ 365 ఉచితంగా వస్తుందేమో కనుక్కోండి. రాకపోతే లిబ్రెఆఫీస్ చాలు.

ప్రశ్న: ఐ7-7700హెచ్‌క్యూ ఉన్న పాత గేమింగ్ ల్యాప్‌టాప్ తక్కువలో దొరుకుతోంది. ఏడో తరమే అయినా నాలుగు కోర్లున్నాయి. తీసుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 45 వాట్లు. చల్లగా ఉంచగలిగితే ఎక్కువసేపు సాగే పనిలో 8350యూను దాటేస్తుంది. కానీ ఇదీ విండోస్ 11 జాబితాలో లేదు. బరువు, పెద్ద ఛార్జర్, తొందరగా అయిపోయే బ్యాటరీ కూడా లెక్కేసుకోండి. హాస్టల్ గదిలో టేబుల్ మీదే ఉంచి, ఉబుంటు గానీ లినక్స్ మింట్ గానీ వేసుకుని కోడింగ్ చేస్తానంటే తీసుకోవచ్చు. విండోసే కావాలంటే వద్దు. ఇప్పటికే ఏడో తరం కొనేసి విండోస్ 10తో నడుపుతున్నవాళ్లు సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి, అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకోండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే రుసుము లేదు. మామూలు వినియోగదారులకు ప్రకటించిన ఆ గడువు 2026 అక్టోబర్ 13 వరకే.