కువైట్‌లో మసీదు పక్కనే రూమ్ అయితే నిద్ర పడుతుందా?

కువైట్ వీసా వచ్చిందని, రూమ్ మసీదు పక్కనే ఉందని, తెల్లవారుజాము అజాన్‌తో నిద్ర చెడిపోతుందేమోనని అడిగారు. ఆ టెన్షన్ పెట్టుకోకండి. నాతో ఉన్నవాళ్లలో నెల దాటాక అజాన్ వల్ల నిద్ర చెడిందన్నవాడు లేడు. ధనుర్మాసమంతా రామాలయం మైకులో తిరుప్పావై వింటూ పెరిగిన గోదావరి జిల్లా కుర్రాళ్లు మా రూమ్‌లో ఉండేవారు. కడప, రాయచోటి వాళ్లకైతే అజాన్ చిన్నప్పటి నుంచీ ఉన్నదే.

కొత్తగా అనిపించేది టైము. ఫజర్, అంటే తెల్లవారుజాము నమాజ్, సూర్యుణ్ని బట్టి మారుతుంది. జూన్‌లో మూడుంబావుకే వినిపిస్తుంది, డిసెంబర్‌లో ఐదు దాటుతుంది. మా రూమ్ ఉన్న జలీబ్ ఏరియాలో ఒక మసీదు మొదలుపెట్టగానే ఇంకోటి అందుకుంటుంది. మొదట్లో అంతా కలిసి హోరులా ఉంటుంది. తర్వాత గొంతులు విడివిడిగా తెలుస్తాయి. నేను ఇంటి డ్రైవర్‌ని కాబట్టి నా పని కూడా అజాన్ ప్రకారమే నడిచేది. అసర్ (సాయంత్రం ముందు నమాజ్) అయ్యాక పిల్లల్ని ట్యూషన్‌కి దింపాలి, మగ్రిబ్ (పొద్దుగూకాక చేసే నమాజ్) అయ్యాక మామాని, అంటే ఇంటి యజమానురాలిని, జమియాకి, అంటే కోఆపరేటివ్ స్టోర్‌కి, తీసుకెళ్లాలి. అక్కడ ఎవరైనా "మగ్రిబ్ తర్వాత రా" అంటారే గానీ ఆరింటికి రమ్మనరు. చలికాలంలో అయితే మగ్రిబ్ ఐదు లోపే అయిపోతుంది, అది గుర్తుంచుకోండి.

2020 మార్చి 13 మాత్రం మర్చిపోలేను. కరోనా వల్ల మసీదుల్లో నమాజ్ ఆపేశారు. శుక్రవారం, వీధంతా మనుషులు నిండాల్సిన రోజు. అజాన్ మొదలైంది, మధ్యలో ఏదో తేడాగా వినిపించింది. నాకు అరబీ పెద్దగా రాదు కానీ రోజూ వినే చెవికి తెలిసిపోతుంది కదా. పక్క మంచం మీద కడప అన్న, ఐదు పూటలా నమాజ్ చేసే మనిషి, లేచి నిలబడిపోయాడు. నమాజుకు రమ్మని పిలిచే చోట "మీ ఇళ్లలోనే చేసుకోండి" అంటున్నారని చెప్పి ఏడ్చేశాడు. అంత పెద్ద మనిషి ఏడవడం చూసి మాకెవరికీ నోట మాట రాలేదు. ఏప్రిల్‌లో జలీబ్, మహబూలా ఏరియాలు పూర్తిగా మూసేశారు. పని లేదు, జీతం వస్తుందో రాదో తెలియదు, ఇంటికి ఫోన్ చేస్తే ఏడుపులు. ఆ రోజుల్లో టైముకి వచ్చింది అజాన్ ఒక్కటే. హిందువునైనా నాకు అది ధైర్యం ఇచ్చింది. అందుకే సెలవుకి ఊరొచ్చి "అక్కడ మైకుల గోల" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

నిజంగా నిద్ర చెడగొట్టేది రూమే. ఎనిమిది మందిని ఒక గదిలో కుక్కి తలా ఒక బెడ్‌స్పేస్ అద్దె వసూలు చేస్తారు. ఒకడు డ్యూటీ నుంచి వచ్చి లైటు వేస్తాడు, ఇంకొకడు ఇయర్‌ఫోన్స్ లేకుండా వీడియోలు చూస్తాడు, ఏసీ దగ్గర రోజూ గొడవే. అద్దె మాట్లాడేటప్పుడు మసీదు ఎంత దూరమని కాదు, గదిలో ఎంతమంది, ఎవరెవరికి ఏ షిఫ్టు అని అడగండి.

ఇంకా బాధ ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లది. ఇషా, అంటే రాత్రి నమాజ్, అయిపోయినా వాళ్ల పని అవదు. రంజాన్‌లో అయితే ఇఫ్తార్ గిన్నెలు కడిగి, సహర్ (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనం) వంట చేసి, ఫజర్ అజాన్ విన్నాకే నడుం వాల్చేవాళ్లను నేను పనిచేసిన ఇంట్లోనే చూశాను. కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబర్ చట్టం ప్రకారం ఇంటి పనివాళ్లకు రోజుకు 12 గంటలకు మించి పని చెప్పకూడదు, వారానికో రోజు సెలవు ఇవ్వాలి. ఏజెంట్లు ఈ ముక్క చచ్చినా చెప్పరు. మీది 20వ నంబర్ వీసా, అంటే ఇంటి పని వీసా అయితే, విమానం ఎక్కకముందే పని గంటలు, సెలవు రోజు కాంట్రాక్టులో రాసి ఉన్నాయో లేదో చదివించుకోండి. ఆ కాగితం ఫోటో ఒకటి ఇంట్లోవాళ్ల ఫోన్‌లో కూడా ఉంచండి.