దావత్‌లో గ్లాసు చేతికిచ్చినప్పుడు: మనవడికి తాత ఉత్తరం

చిరంజీవి మనవడికి తాత దీవించి రాసేది.

దసరా సెలవులు అయిపోయి నువ్వు హాస్టల్‌కు పోయి పది రోజులైంది. పండుగ నాడు మామిడితోటలో మీ బావలు చేసిన దావత్‌లో ఏం జరిగిందో నాయనమ్మ మొన్న చెప్పింది. నువ్వు వద్దంటున్నా రెండు గ్లాసులు తాగించారని, రాత్రి వాకిట్లో కక్కుకున్నావని, తెల్లారి ఆమెతో "వద్దని చెప్పుడు నాకు రాలేదు నాయనమ్మా" అన్నావని. నీ మీద నాకు కోపం లేదు బిడ్డా. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఫోన్‌లో చెబితే "సరే తాతా, సరే తాతా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముప్పై నాలుగేళ్లు మోకు భుజాన వేసుకొని తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడిని. మీ నాన్నను చదివించింది కల్లు పైసలే. ఎల్లమ్మకు సాక పోసినా, పెత్తరమాసకు పెద్దలకు పెట్టినా మన ఇంట్లో కల్లు ఉండాల్సిందే. అందుకని తాగేవాళ్లంతా చెడ్డవాళ్లని నేను రాయను, రాస్తే అబద్ధమవుతుంది. ఇంకొక సంగతి ఉంది, అది మీ నాన్నకు కూడా ఇంతవరకు చెప్పలేదు. వయసులో ఉన్నప్పుడు పక్కవాడి చేతిలో బలవంతంగా గ్లాసు పెట్టేవాడిని నేనే.

అప్పుడు సారా ప్యాకెట్ల కాలం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబర్‌లో సారా బంద్ అయింది కానీ, అంతకు ముందు పదేళ్లు మా చండూరు వైపు సారా దొరకని ఊరు లేదు. పొద్దుగూకితే ఐదుగురం చెరువు కట్ట మీద కూడేవాళ్లం. అందులో ఒకతనికి అలవాటు లేదు, కొత్తగా పెళ్లయింది. "కడుపులో నొస్తుంది" అనేవాడు. "ఇది తాగితే నొప్పి పోతది" అనేవాడిని. "పొద్దున్నే చెట్టెక్కాలె" అనేవాడు. "మేం ఎక్కమా?" అనేవాడిని. చివరికి ఒకనాడు "ఇంట్ల తిడతది" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. ఆ నవ్వుకు తట్టుకోలేక తాగాడు. ఏడాది తిరిగేసరికి మాకంటే ముందే కట్ట మీద ఉండేవాడు. రాత్రి తాగింది దిగకుండానే ఒక పొద్దున తాటిచెట్టెక్కి పైనుంచి పడి పోయాడు. అప్పటికి ఇద్దరు చిన్నపిల్లలు. నా వల్ల పోయాడని ఊళ్లో ఒక్కరూ అనలేదు. ఆయన భార్య ఇప్పటికీ ఎదురుపడితే "మంచిగున్నవా అన్నా" అని అడుగుతుంది. నేను ఆమె మొఖం చూసి జవాబు చెప్పలేను.

బలవంతం చేసేవాడి కడుపులో ఏముంటుందో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, విను. నీ మీద ప్రేమతో పోస్తున్నామని మీ బావలు అంటారు, వాళ్లు కూడా అదే నమ్ముతారు. నేనూ నమ్మాను. కానీ లోపల ఒక పురుగు తొలుస్తుంటుంది, చేస్తున్నది మంచి పని కాదేమో అని. పక్కన ఒక్కడు తాగకుండా కూర్చుంటే ఆ పురుగు ఇంకా గట్టిగా తొలుస్తుంది. వాడు కూడా ఒక గుక్క వేస్తే మనసు నెమ్మదిస్తుంది. "మొగోనివేనా?" అనే మాట నీ మొగతనం గురించి కాదు బిడ్డా, అన్నవాడి గుబులు గురించి.

అదే గుంపులో ఇంకొకతను ఉండేవాడు. నాలుగేళ్లు ప్రయత్నించినా ఒక్క చుక్క తాగించలేకపోయాం. ప్యాకెట్ చూపితే చేయి అడ్డం పెట్టి "నాకొద్దు బావా" అనేవాడు, పక్కనున్న వేయించిన పల్లీలు ముందుకు లాక్కునేవాడు. ఎందుకు వద్దో ఏనాడూ చెప్పలేదు. మమ్మల్ని మానమనీ అనలేదు. మూడోసారి అడిగినా అదే మాట, అదే గొంతు. గొంతు పెరిగి ఉంటే నాకు జగడం దొరికేది, కారణం చెప్పి ఉంటే దాన్ని తెగ్గొట్టేవాడిని. రెండూ దొరక్క అడగడమే మానేశాం. అందరికంటే ముందు లేచి ఇంటికి పోయేవాడు. అయినా మా స్నేహం ఏమీ చెడలేదు. మా అమ్మ పోయిన రోజు అందరికంటే ముందు వచ్చింది ఆయనే.

కాబట్టి కడుపునొప్పి, మందులు వాడుతున్నా, పరీక్షలున్నాయి అని చెప్పకు. ఈ దావత్‌కు పనికొచ్చిన సాకు వచ్చే దావత్‌కు పనికిరాదు. "నాకొద్దు బావా" చాలు. బావ కాబట్టి ఆ పిలుపులోనే మర్యాద ఉంది, ఇంకేం జోడించనక్కర్లేదు. ఆ మాట అన్న వెంటనే నోట్లో ఏదైనా పెట్టుకో, లేకపోతే పొయ్యి దగ్గరికి పోయి బోటి కూర కలపడమో, ఇస్తారాకులు వేయడమో చెయ్యి. చేతులు ఖాళీగా ఉన్నవాడికే గ్లాసు వస్తుంది. నీళ్లో కూల్‌డ్రింకో నువ్వే మూత తీసి పోసుకో. పక్కవాడు కలిపిచ్చింది తీసుకోకు, గ్లాసు వదిలి మూత్రానికి పోయి వచ్చి మళ్లీ అదే తాగకు. పోయేముందు కడుపునిండా తిను. ఎన్ని గంటలకు లేచి రావాలో ఇంట్లోనే అనుకొని పో. మూకలో కూర్చున్నాక అనుకుందాం అంటే కుదరదు, అక్కడ నిర్ణయం నీది కాదు, మూకది.

కారణం చెప్పొద్దన్నాను, ఒక్కటి మినహాయింపు. బండి తాళం నీ జేబులో ఉంటే "నేను నడపాలె" అని చెప్పు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వేయొచ్చు. ఇది అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ వాదించరు. పైగా నీకింకా 19. మన తెలంగాణలో 21 నిండనివాడికి మందు అమ్మడమే తప్పు.

ఇదంతా మన ఊరి దావత్ మాట. హాస్టల్ గదిలో గంజాయి తీస్తే మాత్రం పల్లీలు తింటూ కూర్చోకు, లేచి వచ్చేయి. అక్కడ నెమ్మదిగా కూర్చొని వద్దనడానికి చోటు లేదు. కిలోలోపు దొరికినా ఏడాది దాకా జైలు రాసి ఉంది 1985 నాటి మత్తుమందుల చట్టంలో. సంచి ఎవరిదని పోలీసులు అడిగినప్పుడు గదిలో ఉన్న ప్రతివాడూ జవాబు చెప్పుకోవాలి. ఇప్పుడు చాక్లెట్ల రూపంలో కూడా వస్తోంది. తెలియని పొట్లంలో ఉన్నది ఎవరిచ్చినా నోట్లో పెట్టకు. "ఇది కూడా కల్లు లాంటిదే కదా, మీ తాత గీసేది" అని ఎవడైనా అంటే ఆ మాటకు లొంగకు.

కల్లు అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి, ఇది నా వృత్తి మాట. చెట్టు నుంచి దింపిన కల్లు పొద్దున తీయగా ఉంటుంది, మాపటికి పులుస్తుంది. పట్నంలో ఊరంత జనానికి పోసేంత కల్లు తీయడానికి చెట్లెక్కడున్నాయి? నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్, అల్ప్రాజోలం అనే మత్తు మందులు కలిపి కల్లని పోస్తారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో అది తాగి మనుషులు చనిపోయారు. రోజూ తాగి ఒక్కసారిగా మానినా ప్రమాదమే. 2015లో కల్తీ కల్లు మీద దాడులు గట్టిగా జరిగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు అది దొరకక మనుషులు ఫిట్స్ వచ్చి, మతి చెదిరినట్టు మాట్లాడుతూ దవాఖానల్లో చేరారు. అందుకే నీ దోస్తుల్లో ఎవరైనా రోజూ తాగే దాకా పోయి ఉంటే "రేపటి నుంచి బంద్ చెయ్" అని ఒట్టు పెట్టించకు, డాక్టర్ దగ్గరికి తోడు పో. మత్తుమందుల అలవాటుకు 14446కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. మానాలని తనంతట తాను వైద్యానికి వచ్చినవాడికి ఆ 1985 చట్టంలోనే వెసులుబాటు ఉంది, పోలీసులకు భయపడి గదిలో దాక్కోవాల్సిన పని లేదు.

ఎవరైనా తాగి స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టు, కక్కినా గొంతులోకి పోదు. నిద్రపోతే దిగుతుందిలే అని వదిలేసి రాకు. లేపినా లేవకపోతే 108కు ఫోన్ చెయ్యి. ఇంట్లో తెలిస్తే తిడతారని ఆగకు. తిట్లు నేను పడతాను.

రెండు గ్లాసులు తాగినందుకు సిగ్గుపడి ఊరికి రావడం తగ్గించకు. మాఘంలో చెరువుగట్టు జాతర ఉంది, మీ బావలు కూడా వస్తారు, మళ్లీ పోస్తారు. నేను పక్కనే కూర్చుంటాను కానీ నీ తరఫున మాట్లాడను, ఆ మాట నీ నోటి నుంచే రావాలి. మొదటిసారి నీ గొంతు వణుకుతుంది. వణికినా అను. తర్వాత నీ పెద్దబావను పక్కకు తీసుకుపోయి కట్ట మీద జరిగింది నేనే చెబుతాను. అతను కూడా నా మనవడి లాంటివాడే, అతనికి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నాయనమ్మ కారప్పూస డబ్బా పంపుతోంది, రూమ్‌లో అందరికీ పెట్టు. జాతరకు వచ్చేటప్పుడు నార్కట్‌పల్లిలో బస్సు దిగగానే ఫోన్ చెయ్యి, బండి తీసుకొని వస్తాను.

మీ తాత