స్టాంపింగ్‌కి వెళ్తున్న మా అమ్మలుకి

అమ్మలూ,

చెల్లి పెళ్ళికి హైదరాబాద్ వెళ్ళి, పనిలో పనిగా అమెరికా ఉద్యోగ వీసా, అదే హెచ్-1బి, పాస్‌పోర్ట్‌లో వేయించుకునే స్టాంపింగ్ కూడా చేయించుకుని వస్తానన్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. ఎవరి సాయం లేకుండా నువ్వే కూర్చుని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ స్లాట్ పట్టావట. ఎంత గర్వంగా అనిపించిందో, వెంటనే అంత టెన్షనూ పట్టుకుంది. రాత్రి నిద్ర పట్టలేదు. పొడుగైనా సరే, ఇది చివరిదాకా చదువు.

"మా ఫ్రెండ్‌కి డ్రాప్‌బాక్స్‌లో, ఇంటర్వ్యూ లేకుండానే, ఇట్టే వచ్చేసింది పెద్దమ్మా" అని మాత్రం నాతో అనకు. ఆ ఫ్రెండ్ వెళ్ళిన నాటి రూలు వేరు. 2025 మొదట్లో పాత వీసా గడువు తీరి 48 నెలలు దాటకపోతే చాలన్నారు, ఫిబ్రవరిలో దాన్ని 12 నెలలు చేశారు, సెప్టెంబరు 2 నుంచి హెచ్-1బి వాళ్ళు ఇంటర్వ్యూకి రావాల్సిందే అన్నారు. అదే నెలలో సొంత దేశంలోనో, ఉంటున్న దేశంలోనో తప్ప అప్లై చేయొద్దన్నారు, దాంతో కెనడా, మెక్సికో దారి మూసుకుపోయింది. డిసెంబరు 15 నుంచి సోషల్ మీడియా ఖాతాలు చూడాలని చెప్పి, అప్పటికే ఊరెళ్ళి కూర్చున్న వాళ్ళ అపాయింట్‌మెంట్లు కూడా మార్చికీ ఆ పైకీ నెట్టేశారు. పిల్లల్ని ఇక్కడ స్కూల్లో వదిలి అక్కడ ఇరుక్కుపోయిన తల్లులున్నారు. మా రోజుల్లో పాస్‌పోర్ట్ కవర్లో పెట్టి ఇక్కడే అమెరికాలో సెయింట్ లూయిస్‌కి పోస్ట్ చేస్తే స్టాంప్ పడి తిరిగొచ్చేది. 2004 జులైలో అదీ ఆపేశారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో కాన్సులేట్ లేక రాత్రి రైలెక్కి మద్రాసు వెళ్ళేవాళ్ళం. జెమినీ ఫ్లైఓవర్ పక్కన ఎండలో, ఫైలు తడవకుండా చెమట చేతులు పైటకి తుడుచుకుంటూ నిలబడేవాళ్ళం. నీకు నానక్‌రామ్‌గూడలో ఇంటి పక్కనే అయిపోతుంది, సంతోషం.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 మీద నంబరూ అపాయింట్‌మెంట్‌లో నంబరూ ఒకటే ఉండాలి. పే స్లిప్పులు, 797 (కంపెనీ నీకోసం వేసిన పిటిషన్ మంజూరైందని ఇచ్చే కాగితం) ఒరిజినల్, క్లయింట్ లెటర్ పెట్టుకో. ఖాతాలు పబ్లిక్‌లో పెట్టు. అడిగిన దానికే జవాబు చెప్పు.

కానీ మార్చుకోవడానికి వీల్లేని తిరుగు టికెట్ కొన్నావట, ఎవర్నడిగి కొన్నావే? ఇంకా పరిశీలించాలంటూ 221(జి) కాగితం చేతిలో పెడితే ఎన్ని వారాలో ఎవరూ చెప్పరు, ఆన్‌లైన్‌లో చూస్తే "రెఫ్యూజ్డ్" అని కనిపిస్తుంది, అది చూసి మీ అమ్మ పెళ్ళి పనులు మానేసి మంచమెక్కుతుంది. అది తుది తిరస్కారం కాదని ఆమెకి ముందే చెప్పి ఉంచు. ఆలస్యమైతే ఇండియా నుంచి పని చేయనిస్తారో లేదో మేనేజర్‌ని ఇప్పుడే అడిగి, మెయిల్‌లో రాయించుకో. టికెట్ డబ్బు పోతే నేనిస్తాను, దాని గురించి బాధపడకు.

నా అసలు భయం వేరే ఉంది. నీ పాస్‌పోర్ట్ వచ్చే ఏడాది అయిపోతుందని మీ అమ్మ మాటల్లో విన్నాను. మీ చిన్నమావయ్య 2009లో కొంపమీదికి తెచ్చుకున్నది సరిగ్గా దీనివల్లే. వాడూ మీ అత్తా కలిసే ఇండియా నుంచి వచ్చారు, ఎయిర్‌పోర్ట్‌లో ఒకే క్యూ, ఒకే ఆఫీసరు. అత్త పాస్‌పోర్ట్ కొత్తది కాబట్టి పిటిషన్ ఉన్నన్నాళ్ళూ ఇక్కడ ఉండడానికి గడువిచ్చాడు. వీడిది కొన్ని నెలల్లో అయిపోతుందని అక్కడిదాకానే తేదీ వేశాడు. అంతకు ముందుసారి ఇంకో ఎయిర్‌పోర్ట్‌లో ఇంకో ఆఫీసరు అదే పాస్‌పోర్ట్ మీద పిటిషన్ చివరిదాకా ఇచ్చాడు, అందుకే వీడు చూసుకోలేదు. ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది ఐ-94. అప్పట్లో అదంటే తెల్ల కార్డు, పాస్‌పోర్ట్‌లో పిన్ను కొట్టి ఇచ్చేవాళ్ళు. ఇక్కడే పాస్‌పోర్ట్ రెన్యూవల్ చేయించుకున్నాడు, కొత్తది పర్సులో పెట్టుకున్నాడు, పాతది ఆ కార్డుతో సహా బీరువాలోకి పోయింది. 797 అడుగున ఇంకో రెండేళ్ళున్న తేదీ చూసుకుని నిశ్చింతగా ఉన్నాడు. దేశంలోకి మళ్ళీ అడుగుపెట్టినప్పుడు ఇచ్చిన తేదీయే చెల్లుతుంది, 797 మీది కాదు అని వాడికి చెప్పిన వాళ్ళు లేరు.

డ్రైవింగ్ లైసెన్స్ రెన్యూవల్‌కి వెళ్తే కౌంటర్‌లో ఆవిడ కార్డు చూసి, నీకు ఈ దేశంలో గడువు ఎప్పుడో తీరిపోయింది అంది. అప్పటికి ఐదు నెలలు. గడువు తీరాక 180 రోజులు దాటి బయటికెళ్తే మూడేళ్ళు రానివ్వరు, ఏడాది దాటితే పదేళ్ళు. ఇక్కడే ఉండి ఆలస్యానికి క్షమించమని అర్జీ పెట్టుకోవచ్చు గానీ, ఒప్పుకోవడం వాళ్ళ ఇష్టం. ఆ నమ్మకం మీద కూర్చోవద్దని లాయరు అంటే ఆ వారమే విమానమెక్కాడు. గడువు మించి ఉన్నాడు కాబట్టి పాస్‌పోర్ట్‌లో ఉన్న వీసా కూడా చెల్లదు, మళ్ళీ మొదటి నుంచి స్టాంపింగ్. అత్తకి అప్పుడు నెలలు నిండాయి. పురుడు నా చేతుల మీద జరిగింది. బిడ్డ ఏడుపు వాడికి ఫోన్‌లో వినిపించాను, అవతల వాడూ ఏడ్చాడు. ఆ బిడ్డే ఇప్పుడు కారు నడుపుతున్నాడు. మీ మావయ్య మాత్రం ఈ ఊసెత్తితే ఇప్పటికీ లేచి వెళ్ళిపోతాడు, వాడి దగ్గర అనకు.

అందుకని ముందు పాస్‌పోర్ట్ రెన్యూవల్ చేయించు. ఇక్కడే, ఈ వారమే అప్లై చెయ్యి. డీఎస్-160 పాత పాస్‌పోర్ట్ నంబరుతో నింపి ఉంటే కొత్త పాస్‌పోర్ట్ చేతికొచ్చాక మళ్ళీ నింపి, అపాయింట్‌మెంట్ ప్రొఫైల్‌లో కూడా మార్చు. పాతది పారేయకు, రెండూ పట్టుకెళ్ళు. పాస్‌పోర్ట్ సమయానికి రాకపోతే స్లాట్ వెనక్కి జరుపుకో. చెల్లి పెళ్ళికి నువ్వు లేకపోతే ఎలా అని మీ అమ్మ ఏడిస్తే నా దగ్గరికి పంపు, నేను మాట్లాడతాను.

తిరిగొచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర ఆఫీసరుకి 797 చూపించి, నా పిటిషన్ ఫలానా తేదీ దాకా ఉంది అని మర్యాదగా చెప్పు. ఇప్పుడు తెల్ల కార్డు లేదు, అంతా ఆన్‌లైనే, అందుకే చూడడం మర్చిపోతారు. సామాను బెల్ట్ దగ్గర నిలబడే ఫోన్‌లో ఐ-94 తీసి చూడు. తేదీ తేడా ఉంటే బయటికి రాకుండా అక్కడే అడుగు. అప్పటికి ఆన్‌లైన్‌లో ఎక్కకపోతే ఇంటికెళ్ళాక చూడు. బయటికొచ్చాక తేడా తెలిస్తే ఇలాంటి తప్పులు చూసే డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి వెళ్ళాలి, కొన్నిచోట్ల సరిచేస్తారు, కొన్నిచోట్ల మా పని కాదంటారు, అప్పుడు మీ కంపెనీ లాయరుకి ఆ రోజే చెప్పు. ఏ సంగతైనా సరే, ఆ తేదీ స్క్రీన్‌షాట్ నాకు పంపు. అర్ధరాత్రయినా పర్లేదు, నేను మేలుకునే ఉంటాను.

పెళ్ళికి కట్టుకోవడానికి నీకో గద్వాల చీర తీసి పెట్టాను. వెళ్ళే ముందు వచ్చి పట్టుకెళ్ళు, బ్లౌజ్ అక్కడ కుట్టించుకో.

మీ పెద్దమ్మ